చుక్కల గింజ చెప్పిన రహస్యం: బార్బరా మెక్‌క్లింటాక్

పిల్లలూ! అక్టోబరు, నవంబరు నెలల్లో ఇక్కడ అమెరికాలో కొన్ని ఇళ్ల గుమ్మాలకు రంగురంగుల మొక్కజొన్న పొత్తులు వేలాడదీయడం మీరు చూసే ఉంటారు. మనం పండక్కి మామిడి తోరణం కట్టినట్టే, వీళ్లు కోతల కాలంలో వాటిని కడతారు. ఈసారి ఆ పొత్తుని దగ్గరగా చూడండి. పసుపు గింజ పక్కన ఊదా గింజ, దాని పక్కన తెల్ల గింజ మీద ఊదా చుక్కలు కనబడతాయి. ఆ చుక్కలు ఎలా వచ్చాయి? ఆ ప్రశ్న వెంట కొన్ని దశాబ్దాలు నడిచిన ఒక గొప్ప శాస్త్రవేత్త కథ ఇది.

బార్బరా మెక్‌క్లింటాక్ 1902 జూన్ 16న కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి డాక్టరు. చిన్నతనంలోనే కుటుంబం న్యూయార్కులోని బ్రూక్లిన్‌కి మారింది. పెద్ద చదువులు చదివితే అమ్మాయికి పెళ్లి కాదేమోనని తల్లి బెంగపడింది. సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన తండ్రి మాత్రం కూతురి పక్షాన నిలిచాడు. అలా 1919లో ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి, 1927లో వృక్షశాస్త్రంలో డాక్టరేటు పొందారు.

మొక్కజొన్న కణాల్లో పది జతల క్రోమోజోములు ఉంటాయి. మైక్రోస్కోపు కింద ఆ పదింటినీ విడివిడిగా గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టింది ఆమే. క్రోమోజోములు ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటాయని 1931లో హ్యారియట్ క్రైటన్‌తో కలిసి నిరూపించారు. ఇంత పేరొచ్చినా స్థిరమైన ఉద్యోగం దొరకడానికి ఏళ్లు పట్టింది. 1941లో లాంగ్ ఐలాండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయానికి చేరారు. చివరిదాకా అదే ఆమె ఇల్లూ, పొలమూ, ప్రయోగశాలా.

1944లో అక్కడి పొలంలోనే అసలు కథ మొదలైంది. విత్తనాలు నాటడం, పరాగ సంపర్కం చేయడం, కోశాక గింజ గింజనూ పరీక్షించడం, అన్నీ దగ్గరుండి చూసుకునేవారు. జన్యువులంటే దారానికి గుచ్చిన పూసల్లా ఎక్కడివక్కడే ఉంటాయని అప్పటి నమ్మకం. కాని ఆమెకు చోటు మారే ముక్కలు కనిపించాయి. అటువంటి ముక్క ఒకటి ఊదా రంగునిచ్చే జన్యువులో దూరితే గింజకు రంగు రాదు. గింజ పెరుగుతుండగా ఆ ముక్క లేచిపోతే, ఆ కణానికీ దాని నుంచి పుట్టిన కణాలకీ మళ్లీ రంగు వస్తుంది. అదే చుక్క! ముక్క ముందుగా లేచిపోతే పెద్ద చుక్క, ఆలస్యంగా లేచిపోతే చిన్న చుక్క. తనంతట తాను కదలలేని ముక్కకు డిసోసియేషన్ అనీ, దాన్ని కదిలించే ముక్కకు యాక్టివేటర్ అనీ పేర్లు పెట్టారు.

ఆమె ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇవి జన్యువులు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే నియంత్రకాలన్నారు. 1951లో ఒక పెద్ద సభలో ఈ సంగతులు వివరించినప్పుడు చాలామంది మౌనంగా ఉండిపోయారు. ముక్కలు కదులుతాయని మొక్కజొన్న శాస్త్రవేత్తలు ఒప్పుకున్నా, నియంత్రణ మాట ఎవరికీ ఎక్కలేదు. కొన్నాళ్లకు ఆమె ఈ విషయం మీద వ్యాసాలు ప్రచురించడం చాలావరకు తగ్గించేశారు. పొలానికి వెళ్లడం మాత్రం మానలేదు.

1961లో పారిస్‌లో జాకబ్, మోనో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బాక్టీరియాలో జన్యువుల్ని ఆపే, నడిపే ఏర్పాటు ఉందని చూపించారు. తర్వాత బాక్టీరియాలోనూ, ఈగల్లోనూ కదిలే ముక్కలు దొరికాయి. 1983లో, 81వ ఏట, వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆమె ఒక్కరికే వచ్చింది. ఇంట్లో ఫోను లేకపోవడంతో ఆ వార్త రేడియోలో విన్నారు. 1992 సెప్టెంబరు 2న, 90వ ఏట కన్నుమూశారు.

ఆమె ఊహించినవన్నీ నిజం కాలేదు. మొక్క ఎదుగుదలను నడిపేది ప్రధానంగా ఈ ముక్కల గెంతులాట కాదని తేలింది. కాని ఆమె చూడలేకపోయిన ఒక తమాషా ఉంది. 1999లో మనిషిలో ఒక జన్యువు దొరికింది. దాని పేరు జడ్‌బెడ్-1. ఇది ఎక్స్, వై క్రోమోజోములు రెండింటిమీదా ఉంటుంది. దాని రాత చూస్తే మొక్కజొన్నలోని యాక్టివేటర్‌కు దూరపు చుట్టమని తెలిసింది! ఎప్పుడో కోట్ల సంవత్సరాల కిందట మన పూర్వ జీవుల్లో గెంతుతూ తిరిగిన అటువంటి ముక్క ఒకటి ఒకచోట స్థిరపడి, కాపురం పెట్టి, ఉద్యోగంలో చేరిందన్నమాట.

ఆ ఉద్యోగమేమిటి? కణం ఒక జన్యువును వాడుకోవాలంటే ముందు దానికి నకలు తీసుకోవాలి. ఏ జన్యువుకు ఎప్పుడు నకలు తీయాలో చెప్పే ప్రొటీన్లు మనలో వందలకొద్దీ ఉన్నాయి. జడ్‌బెడ్-1 తయారుచేసే ప్రొటీను వాటిలో ఒకటి. కణంలో ప్రొటీన్లు తయారయ్యే కార్ఖానాల్లాంటివి రైబోజోములు. వాటి భాగాలకు సంబంధించిన జన్యువుల్ని ఇది నడిపిస్తుంది. అంటే కదిలే ముక్కల బంధువొకటి నిజంగానే నియంత్రకం అయింది!

పిల్లలూ, మీరు చూసింది క్లాసులో చెబితే ఒక్కోసారి ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అప్పుడు బార్బరా గారిని గుర్తుతెచ్చుకోండి. తప్పుంటే దిద్దుకోండి, ఒప్పయితే ఓపిక పట్టండి. ఈ శరదృతువులో అమ్మానాన్నలతో కలిసి ఒక చుక్కల పొత్తు తెచ్చి, పెద్ద చుక్కలెన్నో చిన్న చుక్కలెన్నో లెక్కపెట్టి చూడండి.