ద్వారకానాథ ఠాకూరుగారి పొత్తు వ్యాపారము

రవీంద్రకవి పితామహులగు ద్వారకానాథ ఠాకూరుగారి వైభవమును లోకము పలుమారులు చెప్పుకొనెను. మేము వారి వర్తకమును స్మరింపగోరెదము.

1794లో కలకత్తాలో జన్మించిన యీ జమీందారుగారు 1834లో విలియం కార్ అను నాంగ్లేయునితో జతగూడి కార్ ఠాకూరు కంపెనీని స్థాపించిరి. తెల్లవారి కంపెనీలలో మనవారు బనియాలుగా మెలగుచుండిన దినములవి. వీరు సమాన భాగస్వాములైరి. 1836లో రాణీగంజి బొగ్గుగనిని కొనిరి.

1840లో వీరు చేసిన పని మాకు మరింత గణనీయముగ తోచుచున్నది. కొన్ని జమీలను కుమారుల నిమిత్తము ట్రస్టు దస్తావేజునకు లోబరచి, వర్తకపుటప్పులవారికి చిక్కకుండ జేసిరి. ఇంటికి అట్టి కంచె యుండబట్టియే 1843లో పోటీదారులగు గిల్మోరు హంఫ్రే వారితో గలసి బెంగాలు బొగ్గు కంపెనీని నెలకొల్ప సాహసించిరని మా యూహ. భూములన్నియు నొకే త్రాసున బెట్టి వర్తకమునకు దిగువారును, భూమి పోవునని యసలే దిగనివారును మన జిల్లాలలో గలరు గదా!

1846లో వీరు లండనులో గతించిరి. కంపెనీలోని తమ సగము పాలును జ్యేష్ఠపుత్రుడగు దేవేంద్రనాథునకు వ్రాసిరి. ఆయన దానిని తమ్ములకును పంచెను. ఆయన చిత్తము ఉపనిషత్తులపై నుండెను. నేర్పు విచారింపక వరుసనుబట్టి పాలప్పగించుట పొరపాటని మేము చెప్పక తప్పదు. 1848 ఆరంభమున కంపెనీ కూలిపోయెను. ట్రస్టు భూములపై ఋణదాతలకు హక్కు లేకున్నను, దేవేంద్రనాథుడు వానినిగూడ వారి యెదుట నుంచి, అనేక వత్సరములు పొదుపున జీవించి తండ్రి ఋణము తీర్చెను.