నేలతల్లి సేవకుడు హ్యూ హామండ్ బెన్నెట్

ఉత్సవ సంచికలో తెలుగు మహనీయుల జీవితచరిత్రలు రాయడం మన ఆనవాయితీ. ఈసారి మేము ఒక అమెరికా దేశీయుని గురించి రాస్తున్నాము. ఆయన 1944లో మన దక్షిణాఫ్రికాకు వచ్చి ఇక్కడి నేలను చూసి వెళ్ళారు. చెరకుతోటల్లో చెమటోడ్చిన వారి సంతతి అయిన మనకు ఆ చరిత్ర తెలియడం అవసరమని మా అభిప్రాయం.

బెన్నెట్ 1881 ఏప్రిల్ 15న నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఆన్సన్ కౌంటీలో, పత్తి పండించే కుటుంబంలో పుట్టారు. వాలు చేలలో తండ్రి గట్లు వేస్తుంటే చిన్నతనంలోనే చేయి సాయం చేశారు. 1903లో పట్టా పుచ్చుకుని ప్రభుత్వ నేలల శాఖలో సర్వే ఉద్యోగిగా చేరారు.

1905లో వర్జీనియాలోని లూయిజా కౌంటీకి పంపారు. అక్కడి భూములు ఎందుకు చవుడుబారినట్లు నిస్సారమయ్యాయో కనుక్కోవాలి. ఒకే వాలు మీద పక్కపక్కనే రెండు చోట్లు ఆయన కంటపడ్డాయి. ఒకటి అడవి, అక్కడ మట్టి తేమగా, చేతితో తవ్వగలిగేటంత గుల్లగా ఉంది. రెండవది ఏళ్ళ తరబడి దున్నిన చేను. అక్కడ మిగిలింది గట్టి బంకమన్ను. మూలంలో రెండూ ఒకే నేల. చేనులో పెద్ద గండ్లేమీ లేవు. మరి పైమట్టి ఏమైనట్టు? ప్రతి వానకూ ఒక్కొక్క పలుచని పొర, ఎవరికీ తెలియకుండా, నీటితో జారిపోయిందని బెన్నెట్‌కూ, ఆయన తోటి ఉద్యోగి మెక్‌లెండన్‌కూ బోధపడింది.

ఆయన పనిచేసే శాఖే 1909లో, నేల ఎన్నటికీ తరగని సంపద అని అచ్చువేసింది. పైవారి మాట తప్పని తెలిసీ కింద పనిచేయడం ఎంత కష్టమో బడిపంతుళ్ళమైన మాకు కొంత తెలుసు. బెన్నెట్ ఉద్యోగం వదలలేదు, వాదమూ వదలలేదు. 1928లో నేల కోత దేశానికే ముప్పని చెప్పే చిన్న పుస్తకాన్ని చాప్లైన్‌తో కలిసి ప్రకటించారు. మరుసటి ఏడు కాంగ్రెసు పరిశోధనల కోసం 1,60,000 డాలర్లు మంజూరు చేసింది.

ఆ పరిశోధన పద్ధతి మా విద్యార్థులకు కూడా అర్థమయ్యేంత తేలిక. వాలు నేలలో ఎకరంలో నూరో వంతు మడిని చుట్టూ అంచు కట్టి వేరుచేస్తారు. అడుగున తొట్టి పెడతారు. ఒక మడిలో పత్తి, ఒక దానిలో గడ్డి, ఒకటి ఖాళీ. వాన వెలిశాక తొట్టిలోని నీటిని కొలుస్తారు, మట్టిని తూస్తారు. గడ్డి మడి తొట్టిలోకి దిగిన మట్టి బహు స్వల్పం.

1933లో ఆయన అధిపతిగా నేల కోత నివారణ సంస్థ ఏర్పడింది. ఆ ఏడే విస్కాన్సిన్ రాష్ట్రంలోని కూన్ వ్యాలీలో పని మొదలైంది. అక్కడి రైతులు కొండవాలులను పైనుంచి కిందికి దున్నేవారు. వానకు గండ్లు పడేవి, వాగు ఒండ్రుతో పూడి చేపలు పోయాయి. ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టలేదు. రైతుతో ఐదేళ్ళ ఒప్పందం రాసుకుని, విత్తనం, సున్నం, కూలి మనుషులను ఇచ్చింది. రైతు వాలుకు అడ్డంగా దున్ని, ఒక పట్టీ ధాన్యం, ఒక పట్టీ గడ్డి వేసి, నిటారు అడవిలోకి పశువులు పోకుండా కంచె కట్టాలి. నాలుగు వందలకు పైగా రైతులు సంతకాలు చేశారు. చాలా ఏళ్ళ తరువాత స్టాన్లీ ట్రింబుల్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు ఆ వాగు వెంట పేరుకునే ఒండ్రును లెక్కకట్టి 1999లో ప్రకటించారు. 1930ల నాటితో పోలిస్తే అది చాలా కొద్ది భాగానికి పడిపోయింది. ట్రౌట్ చేపలూ తిరిగి వచ్చాయి.

1935 వసంతంలో సెనేటు సంఘం ముందు బెన్నెట్ మాట్లాడుతుండగా పశ్చిమ మైదానాల దుమ్ము వాషింగ్టన్ ఆకాశాన్ని కమ్మిందని, అది వస్తుందని తెలిసే ఆయన ప్రసంగం సాగదీశారని కథగా చెప్తారు. కథలో కొంత రంగు ఉండవచ్చు. ఆయన నాటకీయంగా మాట్లాడగల మనిషే. చట్టం మాత్రం ఆ ఏప్రిల్ 27న వచ్చింది.

1944లో ఆయన మన దేశంలో పర్యటించారు. నివేదిక 1945లో అచ్చయింది, 1946లో నేల సంరక్షణ చట్టం వచ్చింది. తెల్లవారి కమతాలకు సాయం, సలహా అందాయి. ఆఫ్రికన్ల రిజర్వులలో అదే నేల సంరక్షణ పేరిట బలవంతంగా కంచెలు వేశారు, పశువులను తగ్గించమన్నారు, ఇళ్ళు మార్పించారు. అందువల్ల గట్టు అంటేనే అక్కడి ప్రజలకు కోపం వచ్చింది. అదే 1946లో మన భారతీయులు భూమి కొనరాదని హద్దులు గీసిన ఘెట్టో చట్టమూ వచ్చింది. మన్ను కదలకుండా ఒక చట్టం, మనిషి కదలకుండా ఒక చట్టం! కూన్ వ్యాలీలో పని నెగ్గింది రైతు తన ఇష్టంతో సంతకం చేసినందువల్లనని మా నమ్మకం. మన పాలకులు గట్లను తీసుకున్నారు, ఆ సంతకాన్ని తీసుకోలేదు.

బెన్నెట్ 1951 వరకు సంస్థ అధిపతిగా ఉండి, 1960 జులై 7న కన్నుమూశారు.

డర్బన్ నుంచి ఉత్తర తీరం దారిన పోయేటప్పుడు చెరకు కొండల మీద అడ్డంగా వంపులు తిరిగిన గట్లు చూడండి. వాన వెలిశాక వాటి కింది కాలువలో నీరు ఏ రంగున పారుతోందో ఒక్క నిమిషం ఆగి, పిల్లలకూ చూపించండి.