డోర్నకల్ పల్లెల అధ్యక్షుడు

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు సంఘాల్లో పాస్నెట్ గారి పేరు వినని విశ్వాసి ఉండడు. మెదక్ గుడి ఆయన హయాంలో కట్టిందే కనుక సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అదే నిజాం రాజ్యంలో, అదే కాలంలో, వరంగల్లు అవతల డోర్నకల్‌లో సేవ చేసిన మరొక దైవజనుని గూర్చి మాత్రం మన వేదికల మీద అంతగా మాట్లాడుకోము. ఆయన తెల్లవాడు కాదు, తెలుగువాడూ కాదు. తిరునెల్వేలి నుండి వచ్చిన తమిళుడు. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఈ వారం ఆయన జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న వెల్లాలన్‌విళై అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లెలో ఆంగ్లికన్ గురువు. కొడుకు చదువు ముగియకముందే తండ్రి ప్రభువునందు నిద్రించారు. తల్లి ఎల్లెన్ గారు గట్టి క్రమశిక్షణలో పెంచారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చదివినా పట్టా చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహం చేసుకున్నారు. ఆడపిల్లను బడికి పంపడమే గొప్ప అనుకునే ఆ రోజుల్లో ఆమె కళాశాల మెట్లెక్కిన స్త్రీ.

1902లో ఆయన యాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ కానుకలతోనే సువార్తికులను పంపుతున్నారని చూసి సిగ్గుపడ్డారు. తిరునెల్వేలిలో అంతమంది విశ్వాసులుండి ఒక్క మిషనరీని సొంత డబ్బుతో పంపలేకపోయామే అన్న బాధ ఆయనను వదల్లేదు. మరుసటి సంవత్సరం, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. ఆ సొసైటీ తన పొలంగా ఎంచుకున్నది డోర్నకల్ ప్రాంతం. 1905 క్రిస్మస్ నాడు సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు కూడా ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు.

ఇతరులను మిషనరీలుగా వెళ్లమని బోధించి తాను మద్రాసులో కూర్చోవడం ఆయనకు సరిపడలేదు. 1909లో ఉద్యోగం విడిచి, గురువుగా అభిషేకం పొంది, డోర్నకల్ చేరారు. మొదట గుడారంలోనే కాపురం. ముప్పై దాటిన వయసులో తెలుగు నేర్చుకున్నారు. సింగరేణి బొగ్గు కోసం వేసిన రైలు మార్గం అక్కడ చీలుతుంది కనుక డోర్నకల్‌కు జంక్షన్ అనే పేరైతే వచ్చింది. రైలు దిగి నాలుగడుగులు వేస్తే మాత్రం అడవి, జొన్నచేలు, ఊరికి దూరంగా మాలపల్లె, మాదిగగూడెం. వెట్టి చాకిరి అంటే ఏమిటో మన తాతలు చెప్పగా విన్నవారికి ఆ పల్లెల సంగతి వివరించనక్కరలేదు. దొర పిలిస్తే పగలనక రాత్రనక వెళ్లాలి, కూలి అడగకూడదు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన పన్నెండు వందల మంది ప్రతినిధుల్లో ఆసియా వారు బహు కొద్దిమంది. అజరయ్యగారిని మాట్లాడమన్నారు. ఆయన అక్కడ కృతజ్ఞతలు చెప్పి కూర్చోలేదు. విదేశ మిషనరీలకూ ఇక్కడి పనివారికీ మధ్య ఉన్న గోడను గూర్చి నిర్భయంగా చెప్పారు. మిషనరీలు త్యాగం చేశారని ఒప్పుకుంటూనే, యజమానులుగా గాక స్నేహితులుగా రమ్మని అడిగారు. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆనాటికి ఆయన వయసు ముప్పై అయిదు. జీతం, పదవి, గౌరవం అన్నీ తెల్లవారి చేతుల్లో ఉన్న కాలంలో వారి దేశంలోనే నిలబడి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు ఆయనను బిషప్పు చేయాలని పట్టుపట్టారు. అడ్డుపడినవారు చాలామంది. తెల్లవారే కాదు, మన దేశ క్రైస్తవుల్లోనూ వ్యతిరేకించినవారున్నారు. నాడార్ కులంలో పుట్టినవాని క్రింద మేము ఎలా ఉంటామన్నది కొందరి లోపలి మాట. చివరికి 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయనకు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడైన మొదటి బిషప్ ఆయనే.

పదవి వచ్చాక ఆయన పట్టణానికి మారలేదు. ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. బాప్తిస్మము పొందినవారి చేయి వారి తలమీదనే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పౌలు అన్న మాటను వారి నోట పలికించేవారు. అంటే బాప్తిస్మము నాడే ప్రతి కూలివాడూ, ప్రతి కూలితల్లీ సువార్తికులే. పల్లెను పట్టి పీడించే దయ్యాలు నాలుగని బోధించేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. వడ్డీ వ్యాపారి పద్దు, కల్లు దుకాణం ఆయన ప్రసంగాల్లోకి వచ్చేవి. ఇవాళ మన పాస్టర్లు ఎంతమంది పీఠం మీద నుండి అప్పును గూర్చి మాట్లాడుతున్నారో మనమే చూసుకోవచ్చు.

ఇవ్వడాన్ని గూర్చి ఆయన పట్టుదల మరీ గట్టిది. బీదవారి దగ్గర ఏమి తీసుకుంటామని మిషనరీలు జాలిపడేచోట, బీదవాడు కూడా దేవునికి ఇవ్వగలడని ఆయన నమ్మారు. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయడం, కోత పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు తేవడం ఆ సంఘాలకు అలవాటైంది. ఈ విషయం మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. భజనలు, కోలాటం, తెలుగు పాటలు ఆరాధనలోకి రానిచ్చారు. ఆయన క్రింద డోర్నకల్ డయోసిస్ కృష్ణా జిల్లా దాకా విస్తరించి, ఆయన చివరి ఏళ్లకు విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ప్రజలు ఆయనను తండ్రిగారు అని పిలిచేవారు. కళాశాల పట్టా లేని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

అన్నీ విజయాలే అని రాస్తే అబద్ధమవుతుంది. మాల, మాదిగల మధ్య గోడ సంఘంలోకి కూడా వచ్చి కూర్చుంది. ఒకే పాత్రలో ప్రభువు బల్ల అందుకోవాలని ఆయన పట్టుబట్టినా, గుడి బయట పెళ్లి సంబంధాల దగ్గర కులం కులంగానే మిగిలింది. ఈ గోడ మన సంఘాల్లో ఇప్పటికీ ఎక్కడెక్కడ నిలిచి ఉందో పాఠకులకు మేము చెప్పాలా?

గాంధీగారితో ఆయనకు భేదాభిప్రాయం వచ్చింది. దళితులు ఆశలకు లోబడి మతం మారుతున్నారని గాంధీగారి అభిప్రాయం. అజరయ్యగారు ఒప్పుకోలేదు. బీదవానికి ఆత్మ సంగతి తెలియదనడమే వానిని చిన్నచూపు చూడడమని ఆయన బాధ. దళిత విశ్వాసుల మారిన జీవితం చూసి 1930లలో అగ్రకులాల వారు కూడా బాప్తిస్మానికి వచ్చారని ఆయన చూపించారు. అదే మనిషి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. సంఘం తన హక్కుల కోసం లెక్కలు వేసుకునే ఒక వర్గంగా మారడం ఆయనకు ఇష్టం లేదు.

డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే దేవాలయం గుర్తుకొస్తాయి. అంతకు నాలుగేళ్ల ముందే, 1935లో, ఎలియట్ అనే ఆంగ్లేయుడు ఆయన క్రింద సహాయ బిషప్‌గా వచ్చారు. ఎడిన్‌బరో సభకు పాతికేళ్లు నిండిన ఏడాది అది.

ఆయన మనసు చివరిదాకా ఐక్యత మీదనే. 1919లో తరంగంబాడిలో మొదలైన సంఘ సమైక్యత చర్చల్లో ముందున్నవారు ఆయన. ఆంగ్లికన్, మెథడిస్టు, ఇతర సంఘాలు అని విడిపోయి పల్లెవానికి ఒకే ప్రభువును ఎలా చూపిస్తామని ఇరవై అయిదేళ్లు ఆ పని వదల్లేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆనాటి నుండి మెదక్ వెస్లియన్ గురువుకూ, డోర్నకల్ ఆంగ్లికన్ గురువుకూ బల్ల ఒక్కటే.