తలవంచని కళావంతురాలు – బెంగుళూరు నాగరత్నమ్మ

మాది పెద్దాపురం అని చెబితే కొందరు ముసిముసిగా నవ్వుతారు. మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామందికి ఇది అనుభవమే. ఆ నవ్వేవారికి తెలియని సంగతి ఒకటుంది. పెద్దాపురం, మురమండ, మండపేట వంటి ఊళ్ళ కళావంతులు ఏళ్ళ తరబడి సంగీతం, సాహిత్యం, అభినయం నేర్చిన విదుషీమణులు. పదాలు, జావళీలు, భామాకలాపం వారి దగ్గర తరాలపాటు నిలిచాయి. జపాన్‌లో గీషాలు కూడా ఇలాగే పాట, నాట్యం, వాద్యం అభ్యసిస్తారు. వారి కళ నేటికీ ఉంది. మన దగ్గర మాత్రం కళను, కళాకారిణిని కలిపి నిందించారు. ఆ నిందకు తలవంచని ఒక మహిళను మిత్రులకు పరిచయం చేస్తున్నాము.

నాగరత్నమ్మ 1878 నవంబర్ 3న మైసూరు రాజ్యంలోని నంజనగూడులో దేవదాసి కుటుంబంలో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి పట్టుబట్టి కూతురికి సంస్కృతం, సంగీతం చెప్పించారు. చిన్న వయసులోనే తల్లి పోయినా చదువు ఆగలేదు. తర్వాత మద్రాసులో ఆమె పేరుపొందిన గాయని అయ్యారు.

18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కళావంతురాలు రాధికాసాంత్వనము అనే తెలుగు కావ్యం రాశారు. స్త్రీ విద్య కోసం ఎంతో పాటుపడిన మన రాజమహేంద్రవరం కందుకూరి వీరేశలింగం గారే ఆ కావ్యం స్త్రీలు వినదగనిదని రాశారు. నాగరత్నమ్మ దానిని పరిష్కరించి 1910లో వావిళ్ళ వారి ద్వారా ప్రచురించారు. శృంగారం రాసిన మగకవులకు లేని తప్పు ఆడకవికి ఎలా వచ్చిందని పీఠికలో నిలదీశారు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడిందని తెలిసి, 1921లో తన సంపాదనతో గుడి పని మొదలుపెట్టించారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. కానీ అక్కడి ఆరాధనలో స్త్రీలను పాడనిచ్చేవారు కాదు. ఆమె స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒకటై, స్త్రీలకూ చోటు దొరికింది.

దేవదాసీ వ్యవస్థను రద్దు చేయాలని ముత్తులక్ష్మీరెడ్డి గారు పూనుకున్నప్పుడు నాగరత్నమ్మ వ్యతిరేకించారు. ఇక్కడ మేము ఆమెతో ఏకీభవించలేము. ఊహ తెలియని ఆడపిల్లను దేవుడి పేరుతో అంకితం చేయడం అన్యాయమే. 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన నిషేధ చట్టం కావలసినదే. అయితే ఆచారాన్ని ఆపడం వేరు, అందులో పుట్టిన మనుషులను వెలివేయడం వేరు. ఆమె బాధ ఈ రెండవదాని గురించి అని మేము అనుకుంటున్నాము.

1952 మే 19న ఆమె కన్నుమూశారు. తిరువైయారులో త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగానే ఆమె సమాధి ఉంది.

మిత్రులారా! పుట్టుకను చూసి మనిషికి వెలకట్టడం ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు. నాగరత్నమ్మ తన పుట్టుకను దాచుకోలేదు, విద్యను వదులుకోలేదు. మన ఊరి కళావంతుల గురించి ఎవరైనా తేలికగా మాట్లాడితే మౌనంగా ఊరుకోకుండా, వారు నేర్చిన విద్య ఎంతటిదో చెప్పుదాం.