లైకా నిర్మాత ఆస్కార్ బార్నాక్

దేహబలము గలవారే లోకమున గొప్ప పనులు చేయుదురని పలువురు తలంతురు. అది యెల్లప్పుడును నిజము కాదు. దేహమునందలి కొఱత ఒక్కొక్కప్పుడు బుద్ధికి పని కల్పించును. జర్మనీ దేశస్థుడగు ఆస్కార్ బార్నాక్ చరిత్రము ఇందుకు మంచి నిదర్శనము. ఆయన ఉబ్బసరోగి. బరువైన కెమెరాను మోయలేక తన కొఱకు తాను చేసికొన్న చిన్న యంత్రమే తరువాత లైకా యను పేర లోకమంతట వ్యాపించెను. తాతలనాటి పెట్టెలలో నుండి అట్టి పాత కెమెరాలను వెలికిదీసి, ఫిల్ముతో బొమ్మలు తీయ నుత్సహించు యువకులు ఇటీవల మరల కానవచ్చుచున్నారు. యంత్రమును చేతబట్టుటకు ముందు దానిని చేసినవాని జీవితము తెలిసికొనుట మేలని తలంచి మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

బార్నాక్ 1879వ సంవత్సరము నవంబరు 1వ తేదీన బ్రాండెన్‌బర్గు సీమయందలి లీనో అను చిన్న గ్రామమున జన్మించెను. బెర్లిన్ నగరమునకు చేరువనున్న లిఖ్టర్‌ఫెల్డెలో ఖగోళ పరికరములు చేయు నొక పనివాని కడ శిష్యుడుగా చేరి యంత్రపుపని నేర్చుకొనెను. పని నేర్చిన యువకుడు ఊరూర తిరిగి, పలువురు యజమానుల కడ పనిచేసి నేర్పు సంపాదించుట ఆ కాలమున అచ్చటి ఆచారము. బార్నాక్ కూడ ఆ రీతిగా దేశాటనము చేసి, వియన్నా మొదలగు తావుల పనిచేసి, 1902లో యేనా నగరమందలి కార్ల్ జైస్ కర్మాగారమున ప్రవేశించెను. అచ్చట కటకములు, దుర్భిణులు, సూక్ష్మదర్శినులు తయారగుచుండెను. వెండ్రుక మందములో పదియవవంతు తేడా వచ్చినను పని చెడునట్టి చోటది. ఆయన చేతికి నిక్కమైన కొలత యనునది అచ్చట అలవడెను.

యేనా చుట్టును తూరింగియా యడవులు గలవు. సెలవుదినములందు ఆ కొండల వెంట తిరిగి ఛాయాచిత్రములు తీయుట బార్నాక్‌నకు మిక్కిలి ప్రియము. కాని నాటి కెమెరా మన కాలపు వస్తువువంటిది కాదు. అది 13 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు గల గాజుపలకలపై బొమ్మ తీయు పెద్ద పెట్టె. దానితోపాటు జంటపలకలు పట్టు చట్రములు ఆఱు, అన్నిటిని మోయుటకు తోలుసంచి, నిలుపుటకు ముక్కాలిపీట కావలెను. ఉబ్బసముతో బాధపడువాడు ఈ బరువు నెత్తుకొని కొండ యెక్కుట యెట్లు? నాలుగడుగులు వేయునప్పటికి ఊపిరి యాడకుండెడిది. తనకెంతో ఇష్టమైన పనిని మానుకొనుటయో, పని చేయు రీతిని మార్చుటయో, రెండే దారులు ఆయన యెదుట నుండెను. ఆయన రెండవ దారిని పట్టెను.

1905వ సంవత్సర ప్రాంతమున ఆయన మొదటి ప్రయత్నము చేసెను. ఒకే గాజుపలకపై పదునైదు, ఇరువది చిన్న బొమ్మలు తీసి, తరువాత వానిని పెద్దవి చేయవచ్చునని తలంచెను. ఆ యత్నము ఫలింపలేదు. గాజుపలకపై పూసిన మందులోని రేణువులు పెద్దవి యగుటచే, బొమ్మను పెంచినకొలది ఇసుక చల్లినట్లు కనబడెను. ఆ పని అంతటితో నిలిచెను గాని ఆలోచన నిలువలేదు. చిన్న ప్రతి నుండి పెద్ద చిత్రము తీయవలెనను తలంపు ఆయన మనసున విత్తనమువలె దాగియుండెను.

జైస్ కర్మాగారమున ఆయనతో పనిచేసిన ఎమిల్ మేఖౌ అను మిత్రుడు వెట్స్‌లార్ పట్టణమునకు పోయి, సూక్ష్మదర్శినులు చేయు ఎర్న్‌స్ట్ లైట్స్ సంస్థలో చేరెను. ఆయన సిఫారసు మీద 1911 జనవరిలో బార్నాక్ కూడ అచ్చట చేరి, ప్రయోగశాఖకు అధికారి యయ్యెను. ఆరోగ్యము అంతంతమాత్రమైన పనివానిని చేర్చుకొనుటకు లైట్స్ వారు వెనుదీయకపోవుట గమనింపదగినది.

ఆ కాలమున చలనచిత్రములు కొత్తగా వ్యాపించుచుండెను. వెట్స్‌లార్‌లో బార్నాక్ చలనచిత్ర యంత్రములతో పనిచేయుచు, వానియందు వాడు ఫిల్మును చేత బట్టి చూచెను. అది 35 మిల్లీమీటర్ల వెడల్పు గలిగి, రెండంచులను రంధ్రములతో నొప్పు పొడవైన పట్టెడ. దాని రేణువు గాజుపలకలకంటె సన్నము. చలనచిత్రమున ఒక్కొక్క బొమ్మ 18 మిల్లీమీటర్ల ఎత్తు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. బార్నాక్ ఫిల్మును నిలువుగ గాక అడ్డముగ నడపి, రెండు బొమ్మల చోటు ఒకే బొమ్మకిచ్చెను. అట్లు 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల కొలత యేర్పడెను. నేడు ఫిల్ము లేని కెమెరాలయందు సైతము పూర్తి చట్రమని చెప్పబడు కొలత ఇదియే.

1914లో ఆ చిన్న కెమెరా సిద్ధమయ్యెను. అది కోటుజేబులో నిముడును. ఆయన దానితో వెట్స్‌లార్ వీధులను చిత్రించెను. ఆ యేడు ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము మొదలై, సైన్యములు కూడవలెనను ఆజ్ఞాపత్రము ఊరిలో అంటింపబడినప్పుడు ఆ దృశ్యమును గూడ తీసెను. 1920లో లాన్ నదికి వరద వచ్చి పట్టణము మునిగినప్పుడు నీటిలో నిలిచిన వీధులు ఆయన ఫిల్ముపై నిలిచెను. బరువైన పెట్టెను ముక్కాలిపీటపై నిలుపులోపల జరిగిపోవు సంగతులను ఈ చిన్న యంత్రము పట్టగలిగెను.

ఐనను దాని నంగడికి తెచ్చుటకు పదునొకండు సంవత్సరములు పట్టెను. యుద్ధము ఒక యాటంకము. యుద్ధానంతరము జర్మనీయందు ద్రవ్యము విలువ యడుగంటి, 1923లో ఒక రొట్టెకు కోట్లాది మార్కులు చెల్లింపవలసి వచ్చెను. ఆ సంవత్సరమే కొలదిపాటి నమూనా కెమెరాలు చేసి నిపుణుల కిచ్చి చూపగా, కొందఱు మెచ్చిరి, కొందఱు పెదవి విఱిచిరి. ఇంత చిన్న బొమ్మతో ఏమి ప్రయోజనమని వారి సందేహము. 1920లో తండ్రి మరణించిన పిమ్మట సంస్థ భారము వహించిన రెండవ ఎర్న్‌స్ట్ లైట్స్ యెదుట పెద్ద ప్రశ్న నిలిచెను. కెమెరా అమ్ముడు పోనిచో సొమ్ము పోవును. క్రొత్త వస్తువేదియు చేయనిచో పనివారికి పని యుండదు. 1924 జూనులో పెద్దల సభలో వాదములన్నియు విని, ఆయన ఆ కెమెరాను చేయుటకే నిశ్చయించెను. 1925 వసంతకాలమున లైప్‌జిగ్ సంతలో అది ప్రజలకు చూపబడెను. లైట్స్ కెమెరా యను రెండు మాటల మొదళ్లు కలిపి లైకా యని పేరిడిరి. దానికి కటకమును గణించి యిచ్చినవాడు మాక్స్ బెరెక్ అను శాస్త్రజ్ఞుడు. ఆ కటకము బాగుగ లేనిచో చిన్న ప్రతి పెద్ద చిత్రమగుట కల్ల. కావున ఈ కీర్తియందు బెరెక్‌నకు గూడ పాలు గలదు.

బార్నాక్ అంతటితో విశ్రమింపలేదు. 1930లో కటకమును మరవలె త్రిప్పి యూడదీసి, వేఱొకటి బిగించు ఏర్పాటు వచ్చెను. మొదట ఒక్కొక్క కెమెరాకు దాని కటకములనే సరిపుచ్చవలసి యుండెను. 1931లో కటకపు పీఠమునకును ఫిల్మునకును నడుమ దూరము 28.8 మిల్లీమీటర్లుగ స్థిరపడెను. అప్పటి నుండి ఏ కటకమైనను ఏ కెమెరాకైనను చెల్లెను. ఆ మర వ్యాసము 39 మిల్లీమీటర్లు. 1932లో రేంజిఫైండరు అను దూరమాపకము కెమెరాలోనే యిమిడి, కటకముతో కలిసి కదలునట్లు చేయబడెను. 1933లో సెకండు వఱకు నెమ్మదియైన వేగములును, 1935లో సెకండులో వెయ్యవవంతు వేగమును చేరెను.

ఈ యంత్రమును నేడు క్రొత్తగ చేపట్టు విద్యార్థి కొన్ని సంగతులు ఎఱిగియుండవలెను. దీని వీపు తెఱచుకొనదు, అడుగు మూత మాత్రమే యూడును. ఫిల్మును క్రింది నుండి సన్నని సందులోనికి జార్పవలెను. నేటి ఫిల్ముల మొదట కత్తిరించియుండు నాలుక కురచ యగుటచే లోపల తగులుకొని చినుగును. కావున ఆ నాలుకను అదే ప్రక్కన సుమారు 10 సెంటీమీటర్ల పొడవగునట్లు, అంచు నున్నగ నుండునట్లు కత్తిరించి, ఖాళీ కండెకు తగిలించి, డబ్బీని కండెను ఒక్కసారి లోనికి దింపవలెను. మూత వేసి ముందరి గుబ్బను త్రిప్పునప్పుడు రెండవ ప్రక్క గుబ్బ వెనుకకు తిరిగినచో ఫిల్ము నడచుచున్నదని తెలియును. అది తిరుగనిచో ఎన్ని బొమ్మలు తీసినను ఫలము సున్న.

గుబ్బను త్రిప్పుటతోనే ఫిల్ము జరుగును, షట్టరు తెర బిగియును. అందువలన ఒకే చోట రెండు బొమ్మలు పడవు. వేగమును ఎల్లప్పుడు గుబ్బ త్రిప్పిన పిమ్మటనే యమర్చవలెను, ముందుగ నమర్చరాదు. ముడుచుకొను కటకమైనచో వెలుపలికి లాగి త్రిప్పి బిగింపవలెను, లేనిచో బొమ్మ మసకబాఱును. దూరము తెలియుటకు చిన్న కిటికీలో చూడగా వస్తువు రెండుగ కనబడును. కటకమును త్రిప్పుచుండగా ఆ రెండు రూపములు ఒక్కటి యగును. అదియే సరియైన దూరము. పిమ్మట ప్రక్కనున్న వేఱొక కిటికీలో చూచి బొమ్మ నమర్చుకొనవలెను. తెర రబ్బరు పూసిన గుడ్డ. సూర్యునివైపు త్రిప్పి యుంచినచో భూతద్దము క్రింది కాగితమువలె కాలి చిల్లు పడును. కావున పని లేనప్పుడు కటకమునకు మూత యుండవలెను. ఫిల్ము ముగిసినంతనే అడుగు మూత తీయరాదు. చిన్న మీటను ఆర్ అను గుర్తునకు జరిపి, ఫిల్మును మరల డబ్బీలోనికి చుట్టిన పిమ్మటనే తీయవలెను.

వెలుతురు కొలుచు సాధనము ఇందు లేదు. ఎండ బాగుగ కాయునప్పుడు కటకపు రంధ్రమును 16 అను సంఖ్య కడ నుంచి, ఫిల్ము వేగము 100 అయినచో సెకండులో నూఱవవంతు కాలము తెఱచిన చాలును. పలుచని మబ్బునకు 11, మబ్బు కమ్మిన ఆకాశమునకు 8. ఈ లెక్క కంఠస్థమైనచో కన్నే కొలబద్ద యగును.

తన యంత్రము ఇంత పూర్ణత పొందుట చూచిన బార్నాక్, 1936 జనవరి 16వ తేదీన, 56 సంవత్సరముల ప్రాయమున మరణించెను. ఉబ్బసము ఆయనను విడువలేదు. కాని ఆయన చేసిన కొలత దేశదేశముల వ్యాపించెను. 1934 నుండి ఖార్కోవ్ పట్టణమున, ఇల్లువాకిలి లేని బాలబాలికలను చేరదీసి పని నేర్పిన శ్రామిక నివాసమున, లైకాను పోలిన ఫెడ్ అను కెమెరాలు తయారయ్యెను. జపానులో కెనాన్ వారును మరతో బిగించు కటకముల కెమెరాలు చేసిరి. లైట్స్ వారు 1954లో వేఱొక బిగింపు తెచ్చినను, పాత మర కెమెరాలను 1960 వఱకు చేసిరి. హెన్రీ కార్టియే బ్రెస్సాన్ అను ఫ్రెంచివాడు 1948 జనవరి 30వ తేదీన ఢిల్లీలో గాంధీ మహాత్ముని చూచి వచ్చిన కొంతసేపటికే ఆయన హతుడయ్యెను. నాటి మన దేశదుఃఖమును ఆతడు లైకాతోనే చిత్రించి లోకమునకు చూపెను.

1923నాటి నమూనాలలో బార్నాక్ స్వయముగ వాడిన 105వ సంఖ్య గల కెమెరా 2022 జూనులో వెట్స్‌లార్ వేలమున 144 లక్షల యూరోలకు అమ్ముడుపోయెను. ఆ వెల విని ఆశ్చర్యపడుట సహజము. కాని విద్యార్థులారా, ఆ యంత్రపు నిజమైన విలువ వేఱొకచోట నున్నది. ఊపిరాడక కొండమార్గమున నిలిచిపోయినవాడు, తన చేతగానితనమును చూచి కుందక, బరువునే తగ్గింపవలెనని తలంచెను. మొదటి యత్నము చెడినను ఆ తలంపును విడువలేదు. సిద్ధమైన వస్తువు పదునొకండేండ్లు మూలబడినను ఓర్పు విడువలేదు. మీలో నెవరికైన అట్టి పాత కెమెరా దొరకినచో, 36 బొమ్మలే గలవని యెఱిగి, ఒక్కొక్క దానికి ముందు నిలిచి చూచి, వెలుతురు కొలిచి, దూరము సరిచేసి, అప్పుడు మీట నొక్కుడు. బార్నాక్ ఒడిలో విద్య నేర్చిన ఫలము అందువలన మీకు కలుగును.