బృంద నిర్మాత సర్ థామస్ మన్రో

తాడిమర్రి నుండి ధర్మవరం, పెనుకొండల మీదుగా హిందూపురం వరకు పరచుకొన్న నేల వానను నమ్ముకొన్న నేల. రెండు వందల ఏండ్లకు పూర్వం ఈ నేలను గొలుసు పట్టి కొలిపించిన కలెక్టరు సర్ థామస్ మన్రో. ఆయన విదేశీయుడు, సైనికుడు, ఒక వర్తక సంఘానికి జీతగాడు. ఆ సంఘం మన ప్రజలకు చేసిన అన్యాయాలను చరిత్ర మరువదు. అయినను నలుగురిని కూడగట్టి ఒక మహాకార్యాన్ని నడిపించుట ఎట్లో తెలుసుకోదలచిన విద్యార్థికి ఆయన జీవితంలో నేర్వదగిన పాఠాలున్నవి.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చిన్న ఉద్యోగిగా మద్రాసు చేరాడు. పారశీ, హిందూస్తానీ భాషలను శ్రద్ధతో అభ్యసించాడు. 1792 నుండి 1799 వరకు బారామహల్ ప్రాంతంలో అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి క్రింద సహాయకుడుగా పనిచేసి, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించుకొనే పద్ధతిని నేర్చుకొన్నాడు. నాయకుడు కాకముందు ఏడేండ్లు అనుచరుడుగా మెలగినవాడాయన.

1800లో నిజాం నవాబు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి దత్తం చేశాడు. ఆ దత్తమండలాలకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. పాళెగాండ్ర కలహాలతోను, యుద్ధాలతోను నలిగిన సీమ అది. ఆయనకు తోడుగా నలుగురు సహాయ కలెక్టర్లు నియుక్తులైనారు. మన్రో వారికి ప్రాంతాలను పంచి యిచ్చి, తాను గుడారాలలో నివసిస్తూ ఊరూరా తిరిగాడు. కచేరీలో కూర్చొని ఉత్తరువులు పంపుటతో తృప్తిపడలేదు.

1802లో భూముల కొలత ఆరంభమైనది. అప్పుడు కొలత విద్య తెలిసిన గుమాస్తాలు ఆయనకు దొరికినది నలుగురే! మరొకడైతే పరాయి ప్రాంతాల నుండి మనుషులను రప్పించేవాడు, లేదా పని మానుకొనేవాడు. మన్రో ఆ నలుగురినే గురువులుగా చేసి ఇతరులకు నేర్పించాడు. కొద్దికాలంలోనే వారి సంఖ్య సుమారు వందకు పెరిగినది. వారిని చిన్న చిన్న జట్లుగా విభజించి, జట్టుకొక పెద్దను నియమించాడు. కొలత సాధనం 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు చదరాలు నలభై చేరితే ఒక ఎకరం. అందరిదీ ఒకే కొలమానం కనుక ఒకరి లెక్క మరొకరికి అర్థమయ్యేది.

జీతాల విషయంలో ఆయన చూపిన వివేకం గమనింపదగినది. కొలిచేవారికి ఎకరాల లెక్కన కూలి యిచ్చాడు. దానితో పని చురుకుగా సాగినది. కాని తొందరలో తప్పులు దొర్లవచ్చును, లంచానికి ఆశపడవచ్చును. అందువలన వారు కొలిచిన పొలాలలో కొన్నింటిని తిరిగి కొలుచుటకు నెలజీతంపై వేరే తనిఖీదారులను నియమించాడు. తనిఖీదారునికి ఎకరాల ఆశ లేదు కనుక తొందరపడవలసిన పని లేదు. తేడా హద్దు మీరితే కొలిచినవాని ఉద్యోగం పోయేది.

కొలత తరువాత నేల సారాన్ని నిర్ణయించేవారు వెళ్ళేవారు. వారు గ్రామపెద్దను, కరణాన్ని, రైతులను దగ్గర ఉంచుకొని తరగతులు నిర్ణయించవలెను. చివరకు గ్రామపెద్దలు, కరణాలు, ముఖ్యరైతులు సమావేశమైన చోట శిస్తులు పరిశీలింపబడేవి. భారం మోయవలసినవాని మాట వినకుండా భారాన్ని తూచరాదని ఆయన గ్రహించాడు.

ఇంత జాగ్రత్త వహించినను ఫలితం నిర్దోషం కాలేదు. శిస్తు రైతుకు మించిన బరువైనది. 1807లో సీమను విడిచి స్వదేశానికి వెళ్ళేముందు మన్రో తన కొలువు నిర్ణయించిన శిస్తునే నూటికి 25 వంతులు తగ్గించవలెనని పైవారికి సిఫారసు చేశాడు. తప్పును గుమాస్తాల నెత్తిన వేయలేదు. కాని ఆదాయంపై దృష్టిగల పైవారు అంగీకరింపలేదు. 1808 నుండి గ్రామాలను గుత్తకిచ్చారు. గుత్తదారుల చేతిలో అనేక రైతు కుటుంబాలు చితికిపోయినవి. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చిన మన్రో ఆ తగ్గింపును, రైతువారీ పద్ధతిని అమలు చేయించాడు. అయితే మధ్యలో గడచిన పదమూడేండ్ల కష్టాన్ని ఎవరు తీర్చగలరు?

గవర్నరుగా 1822లో దేశీయ పాఠశాలలపై విచారణ జరిపించాడు. భారతీయులను చిన్న ఉద్యోగాలకే పరిమితం చేయరాదని, బాధ్యతగల పదవులను, తగిన జీతాన్ని ఇవ్వవలెనని 1824లో వాదించాడు. నమ్మకం లేనిచోట నీతిని ఆశించుట అవివేకమని ఆయన భావన. ఉద్యోగానికి రాజీనామా యిచ్చి, వారసుని రాకకు ఎదురుచూస్తూ, తనకు ప్రియమైన దత్తమండలాలను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరా వ్యాధితో మరణించాడు. గుత్తిలో ఖననం చేయబడిన ఆయన అవశేషాలు తరువాత మద్రాసుకు తరలింపబడినవి. ఈ సీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్న వారుండిరి.

సోదర విద్యార్థులారా! రేపు మీలో కొందరు ధర్మవరంలో పట్టుచీరల దుకాణం పెట్టవచ్చును, హిందూపురంలో ఒక పరిశ్రమ నడపవచ్చును. అద్దకంవాడు, ఆసు పోసేవాడు, మగ్గం నేసేవాడు, అమ్మేవాడు, అందరూ కలిస్తేనే ఒక చీర. ఉన్న నలుగురితోనే ఆరంభించి వారిచేత నలభైమందికి నేర్పించండి. చేసేవానిని, చూసేవానిని వేరుగా ఉంచండి. మీ నిర్ణయం ఎవరిపై పడుతుందో వారి మాట ముందుగా వినండి. లెక్క తప్పినప్పుడు ఆ తప్పును మీదిగా ఒప్పుకొని, ఆలస్యం కాకముందే సరిదిద్దండి. పనివారికి యజమానిపై గౌరవం కలిగేది ఆనాడే.