బొమ్మలకూ చోటిచ్చిన నవాబు: మూడవ సాలార్ జంగ్

మానవుని అభిరుచులలో సేకరణాభిలాష విశిష్టమైనది. పసితనంలో గవ్వలతో, గోలీలతో, అగ్గిపెట్టెల బొమ్మలతో మొదలయ్యే ఈ అభిలాష చాలామందిలో వయసుతోపాటు అణగిపోతుంది. కొందరిలో మాత్రం కడదాకా నిలుస్తుంది. నేటి పిల్లలు రాక్షసబల్లులు మొదలైన అంతరించిన జంతువుల ప్లాస్టిక్ బొమ్మలను కూడబెట్టుకొంటున్నారు. పెద్దలు దానిని చిల్లర వ్యాపకమని ఈసడించడం కద్దు. అట్టివారు నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్ జంగ్ జీవితాన్ని ఒకసారి పరికించాలి.

ఆయన 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. నెల నిండకముందే తండ్రి రెండవ సాలార్ జంగ్ కన్నుమూశారు. హైదరాబాదు సంస్థాన పాలనను సంస్కరించి కీర్తి గడించిన మొదటి సాలార్ జంగ్ ఈయనకు పితామహులు. ఆ తండ్రీకొడుకులిద్దరూ ప్రధానమంత్రి పదవిని నిర్వహించినవారే. తండ్రి ముఖమెరుగని ఈ శిశువుకు వారసత్వంగా లభించినవి గొప్ప జాగీరు, గొప్ప పేరు, తాత సమకూర్చిన కళాఖండాలు. 1876లో తాతగారు రోము నగరంలో కొన్న బెంజోనీ శిల్పం, మేలిముసుగు రెబెక్కా, వాటిలో ఒకటి. చలువరాతిలో పలుచని వస్త్రాన్ని భ్రమింపజేసిన ఆ నైపుణ్యం నేటికీ చూపరులను నిలువరిస్తుంది.

1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈయనను ప్రధానమంత్రిగా నియమించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై మూడేండ్లు. 1914లో ఆ పదవిని విడిచిపెట్టారు. అధికారం పోయిన వెంటనే కొందరు కృంగిపోతారు, కొందరు కుతంత్రాలకు దిగుతారు. ఈయన ఆ రెండు దారులనూ త్రొక్కలేదు. మిగిలిన ముప్పది అయిదేండ్ల జీవితాన్నీ, ఆదాయంలో అధికభాగాన్నీ సేకరణకే అంకితం గావించారు. దేశవిదేశాల వర్తకులు ఆయన నివాసమైన దివాన్ దేవిడీకి వస్తువులను తెచ్చి చూపేవారు. ఆ భవనపు గదులన్నీ క్రమంగా నిండిపోయాయి.

ఆయన అభిరుచికి ఎల్లలు లేవు. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ వ్రాతప్రతులు, పవిత్ర ఖురాన్ ప్రతులు, మొగలుల బాకులు, చీనా పింగాణీ, ఐరోపా గడియారాలు అన్నీ ఆయనకు ఆదరణీయాలే. వీటి సరసన పిల్లల ఆటబొమ్మలకూ ఆయన చోటిచ్చారు. కవాతు తీరిన చిన్న చిన్న సైనికుల బొమ్మలు, ఆట రైలుబండి మ్యూజియంలోని బాలల విభాగంలో కనిపిస్తాయి. అంతేకాదు, అక్కడి సంగీత గడియారంలో గంట గంటకూ ఒక గడ్డపు బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టి లోనికి పోతుంది. పన్నెండు గంటల వేళ పండితులూ పామరులూ ఒకే తీరుగా మెడలు చాచి ఆ బొమ్మకోసం నిరీక్షిస్తారు.

ఆయన వివాహం చేసుకోలేదు. 1949 మార్చి 2న ఆయన మరణించినప్పుడు ప్రత్యక్ష సంతానం లేదు. ఆ సంపద బంధువుల నడుమ పంపకమై చెల్లాచెదరయ్యే ప్రమాదం ఏర్పడింది. ఒక్కొక్క వస్తువూ ఒక్కొక్క ఇల్లు చేరివుంటే నేడు సాలార్ జంగ్ అన్న పేరు చరిత్ర గ్రంథాలలో ఒక పంక్తిగా మాత్రమే మిగిలేది. అట్లు జరుగలేదు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియంను పండిత నెహ్రూ ప్రారంభించారు. 1958లో వారసులు రాజీ ఒప్పందం ద్వారా ఆ నిధిని జాతికి వదలుకొన్నారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ తీరంలోని నేటి భవనానికి తరలింది.

ఇందులో మనకొక పాఠం ఉన్నది. సేకరణకు విలువ వచ్చేది వస్తువు ఖరీదువలన కాదు. విడిపోకుండా నిలిచి పదిమంది కంటికి అందడంవలన. గోదావరి లోయలోని యామనపల్లి వద్ద భూగర్భ శాస్త్రజ్ఞులు ఓపికగా ఏరి తెచ్చిన ఎముకలే హైదరాబాదు బిర్లా విజ్ఞాన మ్యూజియంలో కోటాసారస్ అనే రాక్షసబల్లిగా లేచి నిలిచాయి. విడివిడిగా ఉన్నంతకాలం అవి రాళ్ళవలె కనిపించినవే.

విద్యార్థులారా! మీ అలమారలోని రాక్షసబల్లి బొమ్మలను సిగ్గుపడి దాచుకోవలసిన పనిలేదు. వాటి పక్కన మన జిల్లాలోనే, వరాహ నదీతీరాన, ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తిప్పి లక్క పూసి చేసిన బొమ్మకూ చోటివ్వండి. ప్రతి బొమ్మకూ ఒక చీటీ అంటించండి. అది ఏ జంతువు, ఏ కాలానిది, ఏ నేలలో దొరికింది, ఎవరు చేశారు అన్నది దానిమీద వ్రాయండి. ఆ చీటీ వ్రాయడానికి మీరు చదివే చదువే అసలు సంపాదన. పిమ్మట మీ తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ పిలిచి చూపండి. తలుపు వేసుకొని చూచుకొన్న సొత్తు యజమానితోనే ముగుస్తుంది. సాలార్ జంగ్ సొత్తు మాత్రం ఆయన పోయిన తరువాత కూడా లక్షల కన్నులకు విందు చేస్తున్నది.